స్కేలులో అంగుళాల వైపు చిన్న గీతలు ఎలా చదవాలి? 14.3 అని రాసుకుని అద్దం తప్పు కోయించాను

ఫ్రేము_పని:
అందరికీ నమస్కారం. పాత ఫొటో ఫ్రేము ఒకటి బాగుచేస్తున్నాను. దానికి కొత్త అద్దం వేద్దామని, అద్దం కూర్చునే గాడి వెడల్పు రెండడుగుల స్టీలు స్కేలుతో కొలిచాను. స్కేలుకు ఒక అంచున సెంటీమీటర్లు, రెండో అంచున అంగుళాలు ఉన్నాయి. అంగుళాల వైపు పెట్టి చూస్తే 14 దాటాక మూడో చిన్న గీత దగ్గర ఆగింది. 14.3 అంగుళాలు అని రాసుకున్నాను. 25.4తో గుణిస్తే 363.2 మి.మీ. వచ్చింది. అద్దం కోసే ఆయనకు 363 అని చెప్పాను, ఆయన కచ్చితంగా 363కే కోసి ఇచ్చారు. అద్దం ఫ్రేములో దిగడం లేదు. దాదాపు మూడు మిల్లీమీటర్లు ఎక్కువైంది.

గుణకారం మళ్ళీ చేసి చూశాను, సరిగ్గానే ఉంది. కోత కూడా సరిగ్గానే ఉంది. కాబట్టి తప్పు నేను స్కేలు చదవడంలోనే జరిగింది. బడిలో ఎప్పుడూ సెంటీమీటర్ల వైపే వాడాం. రెండో వైపు గీతలు ఒక్కోటి ఒక్కో పొడవు ఎందుకున్నాయో ఎవరూ చెప్పలేదు. దయచేసి మొదటి నుంచి, రెండు వైపులా చెప్పండి.

చెక్క_చిత్రిక:
తమ్ముడూ, తప్పంతా నువ్వు పెట్టిన చుక్కలో ఉంది. 14.3 అంటే అంగుళాన్ని పది భాగాలు చేసి మూడు తీసుకున్నట్టు. నీ స్కేలు అంగుళాన్ని పదహారు భాగాలు చేసింది. నువ్వు చూసింది 14 3/16. పదిలెక్కలో 14.1875. దాన్ని 25.4తో గుణించు, 360.4 మి.మీ. వస్తుంది. అద్దం ఎంత ఎక్కువైందో లెక్క సరిపోయిందా?

ఇక గీతల పొడవుల సంగతి. అంగుళాన్ని ఎప్పుడూ సగం చేసుకుంటూ పోతారు. నడిమధ్య ఉన్న పొడవైన గీత అర అంగుళం. రెండు సగాల మధ్యలో దానికంటే కాస్త పొట్టి గీతలు పావు, ముప్పావు. వాటి మధ్యలో ఇంకాస్త పొట్టివి ఎనిమిదో వంతులు. అన్నిటికంటే పొట్టివి పదహారో వంతులు. గీత ఎంత పొట్టిదైతే భిన్నంలో కింది అంకె అంత పెద్దది. ఈ ఒక్కటి కంటికి అలవాటైతే మిగతాది చాలా సులువు.

వడ్రంగంలో మేం ఎనిమిదో వంతును నూలు అంటాం. అంగుళానికి ఎనిమిది నూళ్ళు. పావు అంగుళమంటే రెండు నూళ్ళు, అర అంగుళమంటే నాలుగు. నీ కొలతను మాలో ఒకరికి నోటితో చెప్పాలంటే "పద్నాలుగు అంగుళాల నూలున్నర" అంటాం. నూలున్నర అంటే ఒక ఎనిమిదో వంతు, దానిపైన ఇంకో సగం, మొత్తం పదహారులో మూడు. ఇలా చెబితే చుక్క పెట్టే అవకాశమే ఉండదు.

ఒక్కో గీతనూ 1/16, 2/16, 3/16 అని వేలుపెట్టి లెక్కపెట్టొద్దు. కళ్ళు అలిసిపోయి ఒకటి జారిపోతుంది. దగ్గర్లో ఉన్న పెద్ద గీత పట్టుకుని అక్కడి నుంచి ఒక గీత ముందుకో వెనక్కో జరుగు. ముప్పావు అంటే 12/16. దానికి ఒక గీత వెనక ఉంటే 11/16. అర అంటే 8/16, ఒక గీత ముందుంటే 9/16.

ల్యాబ్‌నోట్సు:
చిత్రిక గారు అంగుళాల వైపు బాగా చెప్పారు. నేను సెంటీమీటర్ల వైపు చెబుతాను. ఇది తెలిసిందే అనుకుంటాం కానీ, ఫిజిక్స్ ల్యాబులో ఇక్కడే ఎక్కువ పొరపాట్లు చూశాను.

స్కేలు మీద 1, 2, 3 అని ఉన్న అంకెలు సెంటీమీటర్లు. రెండు అంకెల మధ్య పది గడులు ఉంటాయి, ఒక్కో గడి ఒక మిల్లీమీటరు. మధ్యలో కాస్త పొడవుగా ఉన్న గీత అయిదో మిల్లీమీటరు. 7 దాటి నాలుగు గడులు ఉంటే 7.4 సెం.మీ. లేదా 74 మి.మీ. ఇక్కడ చుక్క పెట్టొచ్చు, ఎందుకంటే భాగాలు పది. ఫ్రేము గారు చేసిందల్లా ఈ అలవాటును రెండో అంచుకు తీసుకెళ్ళడం.

కొన్ని స్టీలు స్కేళ్ళ మీద 10, 20, 30 అని ఉంటుంది. అవి నేరుగా మిల్లీమీటర్లు. 40 దాటి మూడు గడులుంటే 43 మి.మీ., అంతేగానీ 40.3 కాదు.

గడులు అంటున్నాను, గమనించండి. లెక్కపెట్టాల్సింది గీతల్ని కాదు, వాటి మధ్య ఖాళీల్ని. రెండు అంకెల మధ్య చిన్న గీతలు తొమ్మిదే ఉంటాయి, గడులు మాత్రం పది. మొదటి అంకె గీతను కూడా కలిపి "ఒకటి" అని మొదలుపెట్టిన వాళ్ళకు ప్రతి కొలతా ఒక మిల్లీమీటరు ఎక్కువ వస్తుంది.

ఫ్రేము_పని:
చాలా థ్యాంక్స్. చదువుతుంటేనే తప్పు ఎక్కడో తెలిసిపోయింది. ఇప్పుడు స్కేలు చేతిలో పెట్టుకుని చూస్తే కొత్త అనుమానం వచ్చింది. నా స్కేలులో మొదటి అంగుళంలో గీతలు మిగతా అంగుళాల కంటే చాలా దగ్గరగా ఉన్నాయి. అందులోనే చిన్న అక్షరాలతో 8, 16, 24 అని కూడా ఉంది. అవి మిల్లీమీటర్లా?

లేత్_పక్కన:
కాదు. అవి ముప్పై రెండో వంతుల లెక్క. మీ స్కేలులో మొదటి అంగుళాన్ని 32 భాగాలు చేశారు. 8 దగ్గర పావు, 16 దగ్గర అర, 24 దగ్గర ముప్పావు. లెక్కపెట్టే శ్రమ తగ్గించడానికి ఆ అంకెలు వేస్తారు. మా పనిలో వాడే స్టీలు స్కేళ్ళలో ఒక అంచు 32 భాగాలు, ఇంకో అంచు 64 భాగాలు ఉండడం మామూలే. 64 అంచులో 8, 16, 24 నుంచి 56 దాకా ఉంటాయి. అక్కడ 8 అంటే ఎనిమిదో వంతు, 32 అంటే అర. ఒకే స్కేలు మీద ఒకే "8" రెండు అంచుల్లో రెండు వేరు వేరు పొడవులు అన్నమాట. అందుకే కొత్తగా చేరిన కుర్రాళ్ళకు నేను మొదట నేర్పేది ఇదే. ఏ స్కేలు చేతికొచ్చినా ఒక అంగుళంలో గడులు ఎన్నో ముందు చూడండి, తర్వాతే కొలవండి.

ఎంత సన్నటి కొలతో తెలియడానికి ఇవి గుర్తుపెట్టుకోండి. 1/16 అంటే దాదాపు 1.6 మి.మీ. 1/32 అంటే దాదాపు 0.8. 1/64 అంటే దాదాపు 0.4. 1/16 గీతలున్న అంచు మిల్లీమీటర్ల అంచు కంటే మొరటు, 1/32 గీతలున్నది దానికంటే సన్నం.

డ్రాయింగ్‌బల్ల:
దీనికి ఒక మాట చేర్చాలి. అంగుళాన్ని పది భాగాలు చేసిన స్కేళ్ళు కూడా నిజంగానే ఉన్నాయి. సివిల్ డ్రాయింగుల్లో వాడే మూడంచుల ఇంజినీరింగ్ స్కేలులో అంగుళానికి 10, 20, 30, 40, 50, 60 భాగాలు చొప్పున ఆరు అంచులుంటాయి. అలాంటి పది భాగాల అంచు మీద మూడో గీత చూసి 14.3 అని రాస్తే అది సరైన కొలతే. ఫ్రేము గారి పద్ధతి తప్పు కాదు, ఆ పద్ధతి వేరే స్కేలుకు చెందింది. ఆర్కిటెక్టుల మూడంచుల స్కేలు మళ్ళీ వేరు. దానిమీద అంకెలు కాగితం మీది అంగుళాలు కావు, బొమ్మలోని అడుగులు. వీటిలో ఏదైనా పొరపాటున మామూలు స్కేలు అనుకుని తీస్తే కొలత మొత్తం పోతుంది.

మిల్లీమీటరే_చాలు:
నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. ఈ అర, పావు, పదహారో వంతు అన్నీ అవసరమా? ఆ అంచు వైపు చూడకండి. అన్నీ మిల్లీమీటర్లలో కొలవండి, పూర్ణాంకాల్లో రాయండి. 360 అని రాస్తే చుక్కా ఉండదు, భిన్నమూ ఉండదు. ఫ్రేము గారు అసలు సెంటీమీటర్ల వైపు పెట్టి కొలిచి ఉంటే ఈ అద్దం వృథా అయ్యేది కాదు.

చెక్క_చిత్రిక:
చివరి వాక్యం ఒప్పుకుంటాను. అద్దం కోసే ఆయనకు మిల్లీమీటర్లలో చెప్పాల్సి ఉన్నప్పుడు మిల్లీమీటర్లలోనే కొలవాలి. మధ్యలో మార్పు పెట్టుకోకూడదు. కానీ "ఆ అంచు వైపు చూడకండి" అంటే కుదరదు. పాత తలుపు, పాత అల్మరా బాగుచేయడానికి వస్తుంది. అది చేసినవాడు అంగుళాల్లో చేశాడు. చెక్క 19 మి.మీ. అని కొలిచి ఆశ్చర్యపోయే బదులు అది ముప్పావు అంగుళం అని గుర్తుపడితే, మిగతా ముక్కల కొలతలు కూడా ముందే తెలిసిపోతాయి. ముప్పావు అంటే 19.05 కదా.

డ్రాయింగ్‌బల్ల:
కెమెరా కింద స్టాండు బిగించే మర కూడా పావు అంగుళమే, ప్రపంచమంతా. టీవీ తెరల కొలతలు, ప్రింటింగులో అంగుళానికి ఇన్ని చుక్కలు అనే లెక్క, ఇవన్నీ ఇంకా అంగుళాల్లోనే నడుస్తున్నాయి. రెండూ చదవడం రావాలి. రాసేటప్పుడు మాత్రం ఏదో ఒకటే రాయాలి.

సూదీదారం:
కుట్టుపని వైపు నుంచి నేనూ రెండు మాటలు చెబుతాను. మేం వాడేది గుడ్డ టేపు. ఒక వైపు అంగుళాలు, తిప్పితే సెంటీమీటర్లు. చాలా టేపుల్లో ఒక వైపు సున్నా ఉన్న కొసన రెండో వైపు చివరి అంకె ఉంటుంది. చూసుకోకుండా తిప్పి పట్టుకుంటే కొలత అవతలి కొస నుంచి వస్తుంది. 60 అంగుళాలంటే 152.4 సెంటీమీటర్లు. 150 సెంటీమీటర్లకే ఆగిపోయే టేపులో 59 దాటాక అంగుళంలో పదహారో వంతు కూడా మిగలదు. రెండూ ఒకటే అనుకుని ఒకే బట్టకు రెండు టేపులు వాడకండి.

టేపు వాడే కొద్దీ సాగుతుంది. నెలకోసారి స్టీలు స్కేలు పక్కన పరిచి చూసుకుంటాను. సాగిందంటే పక్కన పడేయడమే, సర్దుకుపోవడం అంటూ ఉండదు. చొక్కాకు మెడ కొలత పావు అంగుళం తగ్గినా వేసుకున్నవాళ్ళకు గుండీ పట్టదు.

ఫ్రేము_పని:
అక్కా, కుట్టుపనిలో ఎంత సన్నం దాకా చదువుతారు?

సూదీదారం:
ఎక్కువగా పావు, కొన్నిచోట్ల ఎనిమిదో వంతు. పదహారో వంతు గుడ్డ మీద పట్టి ఉంచలేం. బట్ట కదులుతుంది, సుద్ద గీత మందమే అంత ఉంటుంది.

ల్యాబ్‌నోట్సు:
ఇది చాలా ముఖ్యమైన మాట. స్కేలు చూపించగలిగిన అతి చిన్న గడిని కనీసపు కొలత అంటాం. దానికి మించిన అంకెలు రాయడంలో అర్థం లేదు. చిత్రిక గారు పైన 360.4 అన్నారు, లెక్క వివరించడానికి అది సరే. కానీ పదహారో వంతుల అంచుతో కొలిచి, క్యాలిక్యులేటర్ చూపించింది కదా అని 360.3625 మి.మీ. అని రాస్తే మనం చూడనిదాన్ని చూశామని చెప్పినట్టు.

ఇక స్కేలు పెట్టే తీరు. గీతలు సరిగ్గా చదివినా కొలత తప్పే దారులు ఇంకో మూడున్నాయి.

ఒకటి, సున్నా. స్టీలు స్కేలుకు సాధారణంగా అంచే సున్నా. ప్లాస్టిక్, చెక్క స్కేళ్ళలో చాలావాటికి అంచు తర్వాత కొంత ఖాళీ వదిలి సున్నా గీత గీస్తారు. అంచును వస్తువుకు ఆనించి కొలిస్తే ఆ ఖాళీ మేర కొలత తక్కువ చదువుతాం. చెక్క స్కేలు మూల అరిగిపోయి ఉంటే సున్నాను వదిలేసి 10 సెం.మీ. గీత దగ్గర వస్తువు మొదలుపెట్టండి, చివర వచ్చిన దాంట్లోంచి 10 తీసేయండి. నేను 1 దగ్గర మొదలుపెట్టమని చెప్పను. 1 తీసేయడం మర్చిపోతే 24కు 25 రాస్తారు, అది నిజమైన కొలతలాగే కనిపిస్తుంది. 10 తీసేయడం మర్చిపోతే 34 వస్తుంది, చూడగానే అనుమానం వస్తుంది.

రెండు, కన్ను. స్కేలుకు మందం ఉంటుంది కాబట్టి గీతకూ వస్తువుకూ మధ్య ఎడం ఉంటుంది. పక్క నుంచి చూస్తే గీత జరిగినట్టు కనిపిస్తుంది. దీన్ని పారలాక్స్ అంటారు. గీతకు నిట్టనిలువుగా కన్ను పెట్టాలి. ఇంకా మంచి ఉపాయం, స్కేలును అంచు మీద నిలబెట్టి గీతలు వస్తువును తాకేలా ఉంచడం. అప్పుడు ఎటునుంచి చూసినా ఒకటే.

మూడు, వాలు. స్కేలు వస్తువు అంచుకు సమాంతరంగా లేకపోతే కొలత ఎప్పుడూ ఎక్కువే వస్తుంది.

చెక్క_చిత్రిక:
చుట్టు టేపు గురించి ఎవరూ చెప్పలేదు. దాని కొసన ఉండే ఇనప కొక్కెం కొంచెం కదులుతూ ఉంటుంది. అది వదులైపోయింది అనుకుంటారు చాలామంది. నా దగ్గర పని నేర్చుకునే ఒక అబ్బాయి శ్రద్ధగా దాని రివెట్లను సుత్తితో కొట్టి బిగించేశాడు. ఆ తర్వాత అతను కొలిచిన అరలన్నీ తేడాగా వచ్చాయి, కారణం తెలియడానికి ఒక పూట పట్టింది.

ఆ కదలిక కావాలనే పెట్టింది. కొక్కెం తన మందం ఎంతో సరిగ్గా అంతే కదులుతుంది. చెక్క బయటి అంచుకు తగిలించి లాగితే కొక్కెం బయటకు జరిగి, దాని లోపలి ముఖం సున్నా అవుతుంది. పెట్టె లోపల గోడకు ఆనించి నొక్కితే కొక్కెం లోపలికి జరిగి, దాని బయటి ముఖం సున్నా అవుతుంది. రెండు రకాలుగానూ కొలత సరిగ్గా రావడానికే ఆ ఏర్పాటు. బిగిస్తే ఒకవైపు కొలత కొక్కెం మందమంత తప్పుతుంది. టేపు జారవిడిచి కొక్కెం వంగినా అంతే.

మిల్లీమీటరే_చాలు:
ఇది నాకు తెలియదు. ఇన్నేళ్ళూ నా టేపు కొక్కెం పాడైందనే అనుకున్నాను. మంచి విషయం చెప్పారు.

ఫ్రేము_పని:
మళ్ళీ ఒక ప్రశ్న. అంగుళం అంటే 2.54 సెం.మీ. అని అందరూ అంటారు. అది సర్దుబాటు చేసిన అంకెనా, దాని వెనక ఇంకా దశాంశాలు ఉన్నాయా? పొడవైన కొలతలో ఆ తేడా పేరుకుపోతుందా?

లేత్_పక్కన:
వెనక ఏమీ లేదు. 25.4 మి.మీ. కచ్చితం. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం పొడుగ్గా చెబుతాను.

ముందు ఈ అంకె ఇంత శుభ్రంగా ఉండేది కాదు. అమెరికాలో 1893 నుంచి మీటరుకు 39.37 అంగుళాలు అని లెక్క. అంటే వాళ్ళ అంగుళం 25.4 కంటే మిల్లీమీటరులో ఇరవై వేలో వంతు పెద్దది. బ్రిటన్ అంగుళం 25.4 కంటే కొంచెం తక్కువ ఉండేది. మామూలు పనికి ఇది ఎవరికీ తెలియదు. మిల్లీమీటరులో వెయ్యో వంతులు చూసే పనిలో మాత్రం ఇబ్బంది. స్వీడన్‌కు చెందిన కార్ల్ ఎడ్వర్డ్ యోహాన్సన్ కొలతలు సరిచూసుకునే ఉక్కు దిమ్మెలు చేసేవాడు, వాటినే గేజ్ బ్లాకులు అంటాం. అంగుళాల దిమ్మెలకు ఆయన 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 25.4 మి.మీ. అనే లెక్క పెట్టుకున్నాడు. కార్ఖానాలు ఆ దిమ్మెలతోనే సరిచూసుకునేవి కాబట్టి చట్టం కంటే ముందే పనివాళ్ళ చేతుల్లో 25.4 నిలబడింది. చివరికి అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కలిసి గజం అంటే 0.9144 మీటరు అని ఒప్పుకున్నాయి. 1959 జులై 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. 0.9144ను 36తో భాగిస్తే 25.4 మి.మీ. శేషం లేకుండా వస్తుంది.

అంటే ఇవాళ అంగుళానికి సొంత ప్రమాణం లేదు. మీటరు మీద ఆధారపడి బతుకుతోంది. మీటరుకు 1983 నుంచి కాంతి వేగం ఆధారం, సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో శూన్యంలో కాంతి వెళ్ళే దూరం. మీ స్కేలుకు రెండు అంచులున్నా వాటి వెనక ఉన్న కొలత ఒక్కటే.

డ్రాయింగ్‌బల్ల:
ఒకచోట మాత్రం పాత లెక్క చాలాకాలం మిగిలింది. అమెరికా భూమి సర్వేల్లో 1893 నాటి అడుగునే కొనసాగించారు. పది లక్షల అడుగులకు రెండడుగుల తేడా. 2022 చివరితో దానికి స్వస్తి చెప్పారు. స్కేలు మీద అది కనపడదు, కాబట్టి ఫ్రేము గారు టెన్షన్ పడక్కర్లేదు.

ఐదోతరగతి_అమ్మ:
ఈ చర్చ మొత్తం చదివాను. మా అబ్బాయికి ఇదే గొడవ. పెన్సిల్ సున్నా దగ్గర పెడితే సరిగ్గా చెబుతాడు. 3 దగ్గర మొదలై 8 దగ్గర ఆగితే "8" అంటాడు, లేదా 3, 4, 5, 6, 7, 8 అని లెక్కపెట్టి "6" అంటాడు. 5 అని ఎందుకు రావడం లేదు? వాడికి తీసివేత బాగా వచ్చు.

ల్యాబ్‌నోట్సు:
అమ్మా, తీసివేత రాకపోవడం కాదు. బాబుకు అంకె అంటే ఒక గీత పేరు, అంతే. సున్నా నుంచి అక్కడిదాకా ఉన్న పొడవు అని ఇంకా పట్టుబడలేదు. స్కేలును కాసేపు పక్కన పెట్టండి. ఒక సెంటీమీటరు పొడవున్న కాగితం ముక్కలు కత్తిరించి ఇవ్వండి. పెన్సిల్ పక్కన వాటిని కొసకు కొస ఆనించి పేర్చమనండి. అయిదు ముక్కలు పడతాయి. ఇప్పుడు అవే ముక్కలను స్కేలు మీద 3 నుంచి 8 దాకా పేర్చమనండి. తను లెక్కపెట్టాల్సింది ముక్కల్ని అని కంటికే తెలుస్తుంది.

అంగుళాల వైపుకు కూడా కాగితమే మంచి గురువు. పొడవాటి కాగితం పట్టీ తీసుకుని మొత్తాన్ని ఒక అంగుళం అనుకోమనండి. సగానికి మడిస్తే మడత అర. మళ్ళీ మడిస్తే పావులు. మూడోసారి ఎనిమిదో వంతులు, నాలుగోసారి పదహారో వంతులు. విప్పి చూస్తే పదిహేను మడతలు, పదహారు గడులు. మొదటి మడతను పొడవైన గీతతో, తర్వాతవి వరసగా పొట్టి గీతలతో గీయమనండి. స్కేలులో అంగుళం వాడి చేతిలోనే తయారవుతుంది. మన పాత లెక్కల్లో పదహారో వంతుకు వీసం అని పేరుంది. అర, పావు, అరపావు, వీసం అని పాడుకుంటూ మడిస్తే ఇంకా బాగా గుర్తుంటుంది.

ఐదోతరగతి_అమ్మ:
ముక్కలు ఇప్పుడే కత్తిరిస్తున్నాను. చాలా థ్యాంక్స్ మాస్టారూ.

చెక్క_చిత్రిక:
తమ్ముడూ ఫ్రేమూ, నీకు కొన్ని లెక్కలిస్తాను, స్కేలు చూసి జవాబులు రాయి. ఒకటి, 5 దాటాక ముప్పావు గీతకు ఒక చిన్న గీత వెనక. రెండు, 8 దాటాక అర గీతకు ఒక గీత ముందు. మూడు, 3.2 సెం.మీ. దగ్గర మొదలై 11.7 దగ్గర ఆగిన ముక్క పొడవు. నాలుగు, 2 3/8 అంగుళాల దగ్గర మొదలై 6 1/4 దగ్గర ఆగిన ముక్క పొడవు.

ఫ్రేము_పని:
ఒకటి 5 11/16. రెండు 8 9/16. మూడు 8.5 సెం.మీ. నాలుగు 4 1/8.

చెక్క_చిత్రిక:
మొదటి మూడూ సరే. నాలుగోది చూడు. ఆరులోంచి రెండు తీసి నాలుగు అన్నావు, తర్వాత 3/8, 2/8లో పెద్దదాంట్లోంచి చిన్నది తీశావు. కానీ తీసేయాల్సింది 3/8. పైన ఉన్నది 2/8 మాత్రమే, సరిపోదు. ఒక అంగుళం విడగొట్టాలి. 6 1/4 అంటే 5 10/8. అందులోంచి 2 3/8 తీస్తే 3 7/8.

లెక్క కంటే స్కేలు మీద నడవడం నమ్మకం. 2 3/8 నుంచి 3 దాకా అయిదు నూళ్ళు. 3 నుంచి 6 దాకా మూడు అంగుళాలు. ఆపైన రెండు నూళ్ళు. మొత్తం మూడు అంగుళాల ఏడు నూళ్ళు.

ఫ్రేము_పని:
నడిచి చూశాను, 3 7/8 వచ్చింది. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. మరి మిల్లీమీటర్లు ఇచ్చి అంగుళాల గీత కనుక్కోమంటే?

లేత్_పక్కన:
25.4తో భాగించండి. పూర్ణాంకం పక్కన పెట్టి చుక్క తర్వాతి భాగాన్ని మాత్రమే 16తో గుణించండి. 100 మి.మీ. తీసుకుందాం. భాగిస్తే 3.937. ఆ .937ను 16తో గుణిస్తే 14.99. అంటే 15. కాబట్టి 3 15/16 గీత, తేడా మిల్లీమీటరులో వందో వంతు. అన్నీ ఇంత చక్కగా కుదరవు. 1/16 అంచు మీదైతే 0.8 మి.మీ. దాకా తప్పొచ్చు. ఒకసారి మార్చి, దగ్గరి గీతకు సర్ది, మళ్ళీ వెనక్కి మార్చి, మళ్ళీ సర్దితే ఆ తప్పులు ఒకదానిమీద ఒకటి చేరతాయి. నాలుగు ముక్కలు పక్కపక్కన కూర్చోవాల్సిన పనిలో అది మూడు మిల్లీమీటర్లయినా ఆశ్చర్యం లేదు.

డ్రాయింగ్‌బల్ల:
సాధన చేయడానికి ఎ4 కాగితం మంచిది. 210 మి.మీ. వెడల్పు, 297 మి.మీ. పొడవు. రెండో అంచుతో కొలిస్తే పొడవు దాదాపు 11 11/16 అంగుళాల దగ్గర పడాలి. పడకపోతే మీరు చదివిందో స్కేలో తప్పు.

ఇంటర్నెట్ నుంచి కాగితం మీద ప్రింటు తీసుకున్న స్కేళ్ళతో మాత్రం చాలా జాగ్రత్త. ప్రింటరు పేజీకి సరిపోయేలా బొమ్మను కుదిస్తుంది. అంకెలన్నీ ఉంటాయి, గీతలన్నీ ఉంటాయి, పొడవు మాత్రం అబద్ధం. వాడేముందు ఏదైనా బ్యాంకు కార్డు దానిమీద పెట్టి చూడండి. కార్డు పొడవు 85.6 మి.మీ. ఉండాలి, ఏ బ్యాంకుదైనా అంతే.

మిల్లీమీటరే_చాలు:
ఫ్రేము గారూ, కొత్త అద్దం చెప్పే ముందు గాడిని ఒక్కచోటే కొలవకండి. పాత ఫ్రేముల మూలలు సరిగ్గా లంబకోణంలో ఉండవు. పైన, మధ్యలో, కింద మూడుచోట్లా కొలిచి అన్నిటికంటే చిన్నది తీసుకోండి. దాంట్లోంచి ఇంకో 2 మి.మీ. తగ్గించండి. అద్దం బిగుతుగా కూర్చుంటే చెక్క కాస్త ఉబ్బినా పగులుతుంది.

ఫ్రేము_పని:
ఇప్పుడే కొలిచాను. ఈసారి మిల్లీమీటర్ల అంచు, స్కేలు నిలబెట్టి, కన్ను నేరుగా పెట్టి. పైన 361, మధ్యలో 360, కింద 360. ఎత్తు కూడా అలాగే మూడుచోట్ల చూశాను, ముందు ఇచ్చిన కొలత దానికి సరిగ్గానే ఉంది. అనుమానం తీరక రెండో అంచుతోనూ చదివాను, మధ్యలో 14 3/16 గీత పక్కనే పడింది, గీతకు రవ్వంత ఇవతల.

కాగితం మీద వెడల్పు 358 మి.మీ. అని రాశాను. మి.మీ. అని అక్షరాలు కూడా రాశాను. రేపు పొద్దున్నే తీసుకెళ్తాను. పాత అద్దాన్నే అయిదు మిల్లీమీటర్లు తగ్గించి కోయగలరేమో కూడా అడుగుతాను.

లేత్_పక్కన:
అద్దం అంచు నుంచి అయిదు మిల్లీమీటర్లు తీయడం కష్టం, పట్టుకుని విరవడానికి ఆ పట్టీ సన్నం అయిపోతుంది. వీలవుతుందో లేదో ఆయన చేతిలో ఉంది. అడగడం మాత్రం అడగండి.

ఫ్రేము_పని:
వెళ్ళొచ్చాను. ఆయన పాత అద్దం మీదే గీత గీసి, శ్రావణంతో కొంచెం కొంచెంగా తుంచి, అంచు రాయితో రుద్ది ఇచ్చారు. గీత గీసే ముందు 358 ఆయన స్కేలు మీద ఎక్కడ పడుతుందో నన్నే చూపించమన్నారు. చూపించాను. అద్దం ఫ్రేములో కూర్చుంది, రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటరు ఖాళీతో.